విడివడే బంధాలు, నిలిచే రూపాలు



యలవర్తి నాయుడమ్మ గారి స్మృతిలో మాట్లాడమని పిలిచినప్పుడు, లోహ సంశ్లిష్టాల గురించి, వాటితో కట్టే అణువుల ఎలక్ట్రానిక్స్ గురించి చెబుతానని నేనే అడిగి విషయం తీసుకున్నాను. తోలు శాస్త్రవేత్త పేరు చెప్పుకునే సభలో అణువుల ఎలక్ట్రానిక్స్‌తో ఏం పని అని కొందరికి అనిపించవచ్చు. ఆయన 1922లో తెనాలి దగ్గర యలవర్రులో పుట్టారు. మద్రాసులోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థకు డైరెక్టర్‌గా, తర్వాత శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్‌గా పనిచేశారు. 1985 జూన్ 23న కనిష్క విమాన విధ్వంసంలో మనకు దూరమయ్యారు. ఆయన జీవితమంతా చేతుల్లోకి తీసుకుని చూసిన పదార్థాన్ని తోలుగా నిలబెట్టేది లోహానికీ అణువుకూ మధ్య కుదిరే బంధమే. ఆ బంధం ఇవాళ ఎక్కడిదాకా వచ్చిందో చెప్పడమే ఆయనకు నేనివ్వగల నివాళి.

పచ్చి తోలు తడిగా ఉంటే కుళ్లిపోతుంది, ఎండితే కట్టెబారుతుంది. మన ఊళ్లలో తోలు పని చేసేవాళ్లు దాన్ని లందలో తంగేడు చెక్క రసంలో నానబెట్టి పదును చేసేవారు. 19వ శతాబ్దం రెండో సగంలో క్రోమియం లవణాలతో పదును చేసే పద్ధతి వచ్చింది. ఇప్పుడు తయారయ్యే తోలులో ఎక్కువ భాగం దానిదే. ఆ దశలో తోలు లేత నీలంగా ఉంటుంది కాబట్టి పరిశ్రమలో దాన్ని వెట్ బ్లూ అంటారు. తోలులో ఉండే ప్రొటీన్ కొల్లాజెన్. అందులో మూడు గొలుసులు ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటాయని 1954, 55 సంవత్సరాల్లో అదే మద్రాసులో, విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా తేల్చారు. ఆ గొలుసుల పక్కల నుంచి కార్బాక్సిల్ సమూహాలు బయటికి ఉంటాయి. క్రోమియం అయాన్లు వాటిని పట్టుకుంటాయి, హైడ్రాక్సైడ్ వంతెనలతో తమలో తాము ముడిపడతాయి, పక్కపక్క గొలుసులను కలిపి కట్టేస్తాయి. పచ్చి తోలు 60, 65 డిగ్రీల వేడి నీటికే ముడుచుకుపోతుంది. బాగా పదునైన క్రోమ్ తోలు మరిగే నీటిని తట్టుకుంటుంది. ఆ తేడా అంతా లోహం వేసిన బంధాలదే.

ఈ పనికి క్రోమియమే ఎందుకు సరిపోయిందో చూడాలి. నీటిలో మూడు ధనావేశాల క్రోమియం అయాన్ చుట్టూ ఆరు నీటి అణువులు ఉంటాయి. వాటిలో ఒకటి వెళ్లిపోయి ఆ చోటికి ఇంకొకటి రావడానికి రోజులు పడుతుంది. రెండు ధనావేశాల రాగి అయాన్ దగ్గర అదే మార్పిడి సెకనులో వంద కోట్ల సార్లకు పైగా జరుగుతుంది. డిగ్రీ ప్రాక్టికల్స్‌లో క్రోమియంను ఈడీటీఏతో కలిపినవాళ్లకు ఇది తెలుసు. చల్లగా ఉన్నప్పుడు గాజుకుప్పెలో ఏ మార్పూ కనిపించదు. మరగబెడితేనే ఊదారంగు తేలుతుంది. నికెల్‌కో జింక్‌కో ఆ బాధ లేదు, కలిపిన వెంటనే పని అయిపోతుంది. ఈ తేడా లోహంలోని డి ఎలక్ట్రాన్ల అమరికను బట్టి వస్తుందని హెన్రీ టౌబే 1952లో ఒక సుదీర్ఘ సమీక్షలో వివరించాడు. రసాయన శాస్త్రంలో నేను మళ్లీ మళ్లీ తిరగేసే రచనల్లో అదొకటి.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఈ రెండు స్వభావాల గురించే. తేలిగ్గా విడివడే బంధాలు తమకు సరిపోయే రూపాన్ని వెతుక్కుంటాయి. సులభంగా విడవని బంధాలు దొరికిన రూపాన్ని కాపాడతాయి. అణువులతో యంత్రాలు, తీగలు, జ్ఞాపకశక్తి పరికరాలు కట్టాలనుకున్న వాళ్లందరూ ఈ రెండింటి మధ్యే నలిగారు. ఎక్కడ ఏది కావాలో తెలుసుకున్నవాళ్లు నెగ్గారు.

ఈ కథకు మూలం ఆల్‌ఫ్రెడ్ వెర్నర్ దగ్గర ఉంది. ఇంటర్మీడియట్ పుస్తకంలో ప్రాథమిక వేలన్సీ, ద్వితీయ వేలన్సీ అని రెండు నిర్వచనాలుగా ఆయన్ను కుదించేశాం. 1893లో జ్యూరిక్ విశ్వవిద్యాలయంలో చేరిన ఆ ఏడాది ఆయనకు ఇరవై ఆరేళ్లు. ఎక్స్ కిరణాలను ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. అణువు లోపల చూసే సాధనం ఏదీ లేదు. కోబాల్ట్, అమ్మోనియా, క్లోరిన్ కలిసిన లవణాల రంగులు, ఒక్కో లవణం నుంచి సిల్వర్ నైట్రేట్ ఎంత క్లోరైడ్‌ను అవక్షేపించగలదన్న లెక్క, ఒకే సూత్రంతో ఎన్ని వేర్వేరు లవణాలు దొరుకుతాయన్న లెక్క, ఇంతే ఆయన చేతిలో ఉన్నవి. వాటి నుంచే లోహం చుట్టూ ఆరు చోట్లు అష్టముఖి మూలల్లో ఉంటాయని చెప్పాడు. 1913లో నోబెల్ అందుకున్నాడు. లోహానికి దిక్కులు ఉంటాయన్నది ఆయన ఇచ్చిన ఎరుక. కార్బన్ దిక్కులు నాలుగే, అవీ అన్నిచోట్లా దాదాపు ఒకటే. లోహాల దగ్గర వైవిధ్యం ఎక్కువ. ఒక ధనావేశం ఉన్న రాగికి చతుర్ముఖి, పెలేడియంకు ఒకే తలంలో చతురస్రం, ఇనుముకు అష్టముఖి. కట్టడానికి ఇన్ని రకాల మూలలు ఇంకే మూలకాల కుటుంబమూ ఇవ్వదు.

ఆ మూలలతో నిజంగా కట్టడం మొదలవడానికి దాదాపు వందేళ్లు పట్టింది. 1987లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ నుంచి జాన్-మరీ లేన్ బృందం ఒక పత్రం ప్రచురించింది. అదే ఏడాది ఆయనకు చార్ల్స్ పెడర్సన్, డొనాల్డ్ క్రామ్‌లతో కలిపి నోబెల్ వచ్చింది కానీ, అది సోడియం, పొటాషియం లాంటి అయాన్లను లోపల పట్టి ఉంచే అణువులకు. నేను చెప్పే పత్రం వేరే దారి తెరిచింది. బైపిరిడిన్ అనే చిన్న అణువు రెండు నైట్రోజన్లతో ఒక లోహాన్ని పట్టుకుంటుంది. లేన్ బృందం రెండేసి, మూడేసి బైపిరిడిన్లను ఈథర్ లంకెలతో వరసగా కలిపి ఒక పోగు తయారుచేసింది. దాని ద్రావణంలో ఒక ధనావేశం ఉన్న రాగి అయాన్లను వేసింది. రాగికి చుట్టూ నాలుగు నైట్రోజన్లు కావాలి. ఒక పోగు ఆ చోట రెండే ఇవ్వగలదు కాబట్టి రెండో పోగు రావాలి. రెండు బైపిరిడిన్లూ ఒకే తలంలో ఒదగవు, ఒకటి ఇంకోదానికి అడ్డంగా తిరగాలి. ఒక్కో రాగి దగ్గర అలా తిరుగుతూ పోతే రెండు పోగులూ ఒకదాని చుట్టూ ఒకటి మెలేసుకుంటాయి. మూడు రాగి అయాన్లు వెన్నులో వరసగా నిలిచిన ఆ జంట మెలికను ఎక్స్ కిరణ చిత్రం స్పష్టంగా చూపింది. ఎవరూ చుట్టలేదు. పోగులో రాసిన సూచనను రాగి చదువుకుంది.

1987 పత్రానికే పేరు ఎక్కువ వచ్చింది కానీ, నా దృష్టిలో 1993లో అదే ప్రయోగశాల నుంచి వచ్చిన పని ఇంకా గొప్పది. ఈసారి వాళ్లు రెండు, మూడు, నాలుగు, ఐదు బైపిరిడిన్లు ఉన్న పోగులన్నిటినీ ఒకే కుప్పెలో కలిపారు. రాగి వేశారు. పొడుగు పోగూ పొట్టి పోగూ కలిసిన మెలికలు ఎన్నో రకాలుగా తయారై, విడదీయలేని ముద్ద మిగలాలి. అది జరగలేదు. రెండు బైపిరిడిన్ల పోగు తనలాంటి రెండో దానితో, ఐదింటి పోగు తనలాంటి ఐదింటి పోగుతో జతకట్టాయి. సరిపడని జతలో ఎక్కడో ఒకచోట నైట్రోజన్లు ఖాళీగా మిగులుతాయి, లేదా రాగి సగం ఆకలితో ఉంటుంది. అలాంటి జతలు మొదట ఏర్పడి ఉండవచ్చు. కానీ బంధం విడిపోగలిగింది కాబట్టి తప్పు జత విడిపోయింది. సరైన జత ఏర్పడ్డాక విడిపోయి లాభం లేదు. జీవకణాల్లో మాత్రమే ఉందనుకున్న ఎంపిక ఇక్కడ నాలుగు రకాల పోగుల్లో, ఒక లోహంలో కనిపించింది.

జపాన్‌లో మకోటో ఫుజిత చేసిన పని దీనికి సరిజోడు. 1990లో ఆయన చిబా విశ్వవిద్యాలయంలో ఉన్నాడు. పెలేడియం చుట్టూ ఉన్న నాలుగు చోట్లలో పక్కపక్కనున్న రెండింటిని ఎథిలీన్ డైఅమీన్‌తో మూసేశాడు. మిగిలిన రెండు చోట్లు ఒకదానికొకటి 90 డిగ్రీల్లో తెరిచి ఉన్నాయి. రెండు చివరలా నైట్రోజన్ ఉన్న నిటారు బైపిరిడిన్ కడ్డీని నీళ్లలో దానితో కలిపాడు. నాలుగు పెలేడియాలు నాలుగు మూలలుగా, నాలుగు కడ్డీలు నాలుగు భుజాలుగా చతురస్రం ఏర్పడింది. తెరుచుకున్న గొలుసులు ఎందుకు మిగల్లేదని విద్యార్థులు అడుగుతారు. గొలుసుకు రెండు కొసల దగ్గరా తీరని కోరిక ఉంటుంది. త్రిభుజంలో ఆ కోరిక తీరుతుంది గానీ మూల 60 డిగ్రీలకు వంగాలి, పెలేడియం దానికి ఒప్పుకోదు. ఇంకా పెద్ద వలయంలో ఇబ్బంది లేదు, కానీ అదే సరుకుతో ఎక్కువ సంఖ్యలో చిన్న వలయాలు చేసుకుంటే ఎంట్రపీ లాభిస్తుంది. అన్నీ కలిసి చతురస్రం వైపు మొగ్గుతాయి.

పెలేడియంకు తోడబుట్టినదైన ప్లాటినంతోనూ ఇదే చేశారు. జ్యామితి ఒకటే. బంధం మాత్రం మొండిది. కలిపిన వెంటనే రకరకాల ముక్కల గందరగోళం వచ్చింది. 100 డిగ్రీల దగ్గర వారాల తరబడి వేడి చేస్తే గానీ ఆ గందరగోళం చతురస్రంగా తీరలేదు. ఆ చతురస్రం చల్లబడ్డాక మాత్రం చెక్కుచెదరదు. 1995లో ఫుజిత బృందం ఈ మొండితనాన్నే ఉపకరణంగా మార్చింది. ఒక వలయంలో ఇంకో వలయం చిక్కుకున్న కేటనేన్ అణువును ప్లాటినంతో కట్టాలి. లవణం దండిగా వేసి, వేడి చేసి, బంధాలు తాత్కాలికంగా విడివడేటట్లు చేశారు. వలయాలు తెరుచుకుని, ఒకదానిలో ఒకటి దూరి, మూసుకున్నాయి. తర్వాత చల్లార్చి లవణం తీసేశారు. ఇక విడిపోవు. దర్జీ ముందు కచ్చాకుట్టు వేసి, తొడిగి చూసి, సరిచేసి, ఆ తర్వాతే మిషన్ మీద గట్టికుట్టు వేస్తాడు. ఆ రెండు కుట్లూ ఒకే బంధంతో వేయవచ్చని ఫుజిత చూపించాడు. స్వయంకూర్పులో ఇంతకన్నా తెలివైన ఆలోచన నాకు కనబడలేదు.

చతురస్రంతో మొదలైన ఆ పని ఎంత దూరం పోయిందంటే, 2004లో 12 పెలేడియాలు, 24 వంపు కడ్డీలు కలిసిన గోళం వచ్చింది. 2010లో కడ్డీ వంపు కొద్ది డిగ్రీలు మార్చగానే అది 24 పెలేడియాలు, 48 కడ్డీల గోళంగా మారింది. మధ్యస్థంగా ఏదీ రాలేదు. రెండు రకాల కడ్డీలను వేర్వేరు పాళ్లలో కలిపి చూసినా, సగటు వంపు ఒక హద్దు దాటేదాకా చిన్న గోళం, దాటగానే పెద్ద గోళం. 2016లో 48 పెలేడియాలు, 96 కడ్డీలు, మొత్తం 144 భాగాల గోళాన్ని ప్రచురించారు. భాగాల సంఖ్య పెరిగే కొద్దీ తప్పు జరిగే అవకాశాలు పెరగాలి. ఇక్కడ పెరిగినా నష్టం లేదు, తప్పు నిలవదు కాబట్టి. పొగాకు మొజాయిక్ వైరస్ తన 2130 ప్రొటీన్ ముక్కలతో కుప్పెలో మళ్లీ కూడుకోగలదని 1955లో ఫ్రాంకెల్-కాన్‌రాట్, విలియమ్స్ చూపినప్పుడు, అది జీవానికే చెల్లిందని చాలామంది అనుకున్నారు. ఫుజిత గోళాల తర్వాత ఆ మాట అనడానికి లేదు.

లోపల ఖాళీ ఉండే ఇలాంటి గూళ్లతో ఉపయోగం ఏమిటన్న ప్రశ్నకు ఒకే ఉదాహరణ ఇస్తాను. తెల్ల ఫాస్ఫరస్ గాలి తగిలితే మండుతుంది, బడిలో దాన్ని నీళ్లలో ముంచి ఉంచడం చూసి ఉంటారు. కేంబ్రిడ్జ్‌లో జోనథన్ నిచ్కే బృందం నాలుగు ఇనుము అయాన్లు మూలలుగా, ఆరు కడ్డీలు అంచులుగా నీటిలో తనంతట తాను కట్టుకునే గూడులోకి ఒక్కో ఫాస్ఫరస్ అణువును పంపింది. 2009లో ప్రచురించిన ఆ పనిలో, గూటిలో ఉన్న ఫాస్ఫరస్ గాలిలో మండలేదు. ఆక్సిజన్ లోపలికి రాలేక కాదు. ఆక్సిజన్ కలిస్తే తయారయ్యే అణువు ఆ గూటిలో పట్టదు, అందుకని చర్యే మొదలవదు. బెంజీన్ ఇస్తే గూడు దాన్ని లోపలికి తీసుకుని ఫాస్ఫరస్‌ను వదిలేస్తుంది. ఆ గూడు కోసం కావలసినవి దుకాణంలో దొరికే రసాయనాలు, ఇనుము లవణం, నీరు. మన దేశంలోనూ ఈ రంగంలో గట్టి పని జరుగుతోంది. బెంగళూరు ఐఐఎస్‌సీలో పార్థసారథి ముఖర్జీ, మద్రాసు ఐఐటీలో దిలీప్ కుమార్ చంద్ బృందాల పెలేడియం గూళ్లు అంతర్జాతీయ పత్రికల్లో తరచూ కనిపిస్తాయి.

రూపం నుంచి ఎలక్ట్రాన్ దగ్గరికి వద్దాం. లేన్ దగ్గర పీహెచ్‌డీ చేసిన జాన్-పియెర్ సొవాజ్ 1983లో రాగి అయాన్‌ను మధ్యలో పెట్టి, దాని చుట్టూ రెండు వలయాలను ఒకదానిలో ఒకటి పోయేలా మూశాడు. తర్వాత రాగిని తీసేసినా వలయాలు విడిపోలేదు. ఆ పనికి కొనసాగింపుగా 2016లో నోబెల్ వచ్చింది. నాకు అందులో ముఖ్యంగా కనబడేది 1990ల్లో ఆయన చేసిన రెండో పని. ఒక ధనావేశం ఉన్న రాగి నాలుగు నైట్రోజన్లను కోరుతుంది. దాని నుంచి ఒక ఎలక్ట్రాన్ లాగేస్తే ఐదు కోరుతుంది. వలయంలో ఒకవైపు రెండు నైట్రోజన్ల చోటు, ఇంకోవైపు మూడు నైట్రోజన్ల చోటు పెట్టాడు. ఎలక్ట్రాన్ తీయగానే వలయం తిరిగి రాగికి ఐదు అందించింది, ఎలక్ట్రాన్ ఇవ్వగానే వెనక్కి వచ్చింది. లోహ సంశ్లిష్టం ఒక ఎలక్ట్రాన్‌ను లెక్కలోకి తీసుకుని తన ఆకారాన్ని మార్చుకుంటుందన్న మాట. ఎలక్ట్రానిక్స్‌కు కావలసింది ఇదే. కర్బన అణువులు చాలావరకు ఎలక్ట్రాన్ పోతే చెడిపోతాయి. లోహం మాత్రం పుచ్చుకుని, ఇచ్చి, మళ్లీ పుచ్చుకుని మునుపటిలాగే ఉంటుంది.

అణువులో ఎలక్ట్రాన్ ఒక లోహం నుంచి ఇంకో లోహానికి ఎలా పోతుందో మొదట లోతుగా చూసింది టౌబే, ఆయన విద్యార్థిని కరోల్ క్రూట్జ్. 1969లో వాళ్లు రెండు రుథీనియం అయాన్లను పైరజీన్ అనే చిన్న వలయంతో కలిపారు. మొత్తం ఆవేశం ఐదు. ఒక రుథీనియం దగ్గర రెండు, ఇంకోదాని దగ్గర మూడా, లేక రెండింటి దగ్గరా రెండున్నరా? ఈ ప్రశ్న చుట్టూ దశాబ్దాల పాటు పత్రాలు వచ్చాయి. అణువు తీగ కాగలదా అన్న ప్రశ్నకు అసలు బీజం ఇదేనని నా అభిప్రాయం. 1974లో ఆరీ అవిరామ్, మార్క్ రాట్నర్ ఒకే అణువు విద్యుత్తును ఒక దిక్కునే పంపగలదని కాగితం మీద లెక్క వేశారు. 1997లో మార్క్ రీడ్, జేమ్స్ టూర్ బృందాలు రెండు బంగారు మొనల మధ్య, రెండు కొసలా గంధకం ఉన్న బెంజీన్ అణువును నిలబెట్టి ప్రవాహాన్ని కొలిచాయి. 2002లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో మూడేసి నైట్రోజన్లతో లోహాన్ని పట్టుకునే రెండు టెర్‌పిరిడిన్ల మధ్య ఉన్న ఒక్క కోబాల్ట్ అయాన్ ట్రాన్సిస్టర్‌లా పనిచేయడం చూశారు. బంగారానికీ కోబాల్ట్‌కూ మధ్య ఉన్న లంకె పొడవుగా ఉంటే ఎలక్ట్రాన్లు ఒక్కొక్కటిగా దాటాయి. పొట్టిగా ఉంటే కోబాల్ట్‌కూ బంగారానికీ దగ్గరితనం పెరిగి, కోండో ప్రభావం అనే పూర్తిగా వేరే ప్రవర్తన కనబడింది. నాలుగైదు కార్బన్ల తేడా పరికరాన్నే మార్చేసింది.

అదే 2002 ఈ రంగానికి చెడ్డ ఏడాది కూడా. బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తున్న హెండ్రిక్ షోన్, బంగారం మీద తమంతట తాము అమరే అణువుల పొరలతో ట్రాన్సిస్టర్లు చేశానని పెద్ద పత్రికల్లో అప్పటికే ప్రచురించి ఉన్నాడు. వేర్వేరు ప్రయోగాల గ్రాఫుల్లో ఒకే నాయిస్ గీతలు ఉన్నాయని ఆ ఏడాది ఇతరులు గమనించారు. విచారణ కమిటీ 24 ఆరోపణల్లో 16 నిజమని తేల్చింది, ఆయన ఉద్యోగం పోయింది, పత్రాలు ఉపసంహరించారు. విద్యార్థులకు ఇది తప్పక చెప్పాలి. ఆ ఫలితాలను మళ్లీ సాధించాలని ఎన్నో ప్రయోగశాలల్లో యువ పరిశోధకులు తమ కాలాన్ని ధారపోశారు. డేటాను కల్పించినవాడు తన పేరు ఒక్కటే పోగొట్టుకోడు, ఇతరుల యవ్వనాన్ని కూడా తీసుకుపోతాడు.

మోసం లేకపోయినా ఒక అణువుతో ఒక స్విచ్ అన్న కల ఎందుకు సాగలేదు? నా సమాధానం ఇది. అణువు లోపల ప్రతిదీ తప్పుల్ని దిద్దుకుంటుంది, లోహం వద్ద బంధాలు విడిపోయి సరైన చోట కలుస్తాయి. అణువు బంగారాన్ని తాకే చోట ఆ దిద్దుబాటు లేదు. గంధకం బంగారం మీద ఏ పరమాణువు దగ్గర, ఏ కోణంలో అతుక్కుందో ప్రతిసారీ మారుతుంది. ప్రవాహం దానితోపాటు మారుతుంది. అందుకే ఒక్క అణువును కొలిచేవాళ్లు వేల కొలతలు తీసి సగటు చెబుతారు. కోటానుకోట్ల స్విచ్‌లు ఉండే చిప్‌లో ప్రతి స్విచ్ సగటులా ఉంటే చాలదు, ఒకేలా ఉండాలి. సిలికాన్‌ను అణువులు తోసేస్తాయని ఇరవై ఏళ్ల క్రితం రాసిన వ్యాసాలు ఈ సమస్యను పక్కనపెట్టి రాసినవి.

కాబట్టి పరిశోధకులు దారి మార్చారు. ఒక దారి, పొడవు పెంచడం. 2009లో ఇటలీలోని కటానియా నుంచి వచ్చిన పనిలో బంగారం మీద మొదట ఒక టెర్‌పిరిడిన్ పొర, దాని మీద లోహం, దాని మీద రెండు కొసల టెర్‌పిరిడిన్, మళ్లీ లోహం, ఇలా అంచెలంచెలుగా 40 నానోమీటర్ల దాకా తీగలు పెంచారు. ప్రవాహం పొడవుతో చాలా నెమ్మదిగా మాత్రమే తగ్గింది. లోహం నుంచి లోహానికి ఎలక్ట్రాన్ మెట్లెక్కినట్టు పోతోందన్నమాట. ఇంకో దారి, ఒక్క అణువును వదిలి గుంపును నమ్మడం. దీనికి మన ప్రాంతంతో సూటిగా సంబంధం ఉంది. 1991లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో మైకేల్ గ్రాట్జెల్ రంగు అద్దిన టైటానియం డయాక్సైడ్ సౌర ఘటాన్ని ప్రకటించాడు. 1993లో ఆ ఘటానికి 10 శాతం సామర్థ్యాన్ని ఇచ్చిన రుథీనియం రంగు పత్రానికి తొలి రచయిత ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివిన మహమ్మద్ ఖాజా నజీరుద్దీన్. ఆ అణువులో రుథీనియం చుట్టూ రెండు బైపిరిడిన్లు, రెండు థయోసయనేట్లు. బైపిరిడిన్ల మీద కార్బాక్సిల్ సమూహాలు ఉన్నాయి, వాటితో అణువు టైటానియాన్ని పట్టుకుని ఒకే ఒక్క అణువు మందం పొరగా అమరుతుంది. వెలుగు పడగానే ఎలక్ట్రాన్ ఆ కార్బాక్సిల్ దారినే వెళ్తుంది. కార్బాక్సిల్‌కూ లోహానికీ మధ్య ఉన్న ఆ బంధం తోలులో క్రోమియం వేసే బంధానికి దగ్గరి చుట్టమే. మన విశ్వవిద్యాలయాల్లో అకర్బన రసాయనం చెప్పే ప్రతి తరగతిలో ఈ అణువు నల్లబల్ల మీదికి రావాలి.

గుంపును నమ్మే దారిలోనే ఇంకో ఉదాహరణ ఇటీవలిది. కోల్‌కతాలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో శ్రీబ్రత గోస్వామి అజో సమూహం ఉన్న లైగాండ్లతో, అంటే లోహాన్ని పట్టుకునే అణువులతో, రుథీనియం సంశ్లిష్టాలు చేస్తూ వచ్చారు. సింగపూర్‌లో టి. వెంకటేశన్ బృందంతో కలిసి ఆ సంశ్లిష్టాన్ని పలుచని పొరగా పరిచి, రెండు ఎలక్ట్రోడ్ల మధ్య పెట్టారు. 2017లో ప్రచురించిన ఆ పరికరం లక్ష కోట్ల సార్లు మారినా అలసిపోలేదు. వోల్టేజి ఇస్తే లైగాండ్లు ఎలక్ట్రాన్లను తీసుకుంటాయి, పక్కనున్న వ్యతిరేక ఆవేశపు అయాన్లు జరుగుతాయి, పొర నిరోధం మారి ఆ మార్పు గుర్తుండిపోతుంది. 2021లో ఒకే రకం అణువుల పొర అనేక మలుపుల నిర్ణయ వృక్షాన్ని నడపగలదని చూపారు. 2024లో బెంగళూరు ఐఐఎస్‌సీలో శ్రీతోష్ గోస్వామి బృందం అదే కోవలో 14 బిట్‌ల స్పష్టతను, అంటే 16,000కు పైగా వేర్వేరు స్థాయిలను ఒకే పరికరంలో సాధించింది. ఇక్కడ ఏ ఒక్క అణువూ ఒంటరిగా బాధ్యత మోయదు. కోట్లాది అణువులు కలిసి నడుస్తాయి కాబట్టి ఒక్కో స్పర్శలో ఉండే లోపం సర్దుకుపోతుంది. రుథీనియం బంధాలు మొండివి కనుక ఎలక్ట్రాన్ వచ్చి వెళ్లినా అణువు విచ్ఛిన్నం కాదు. అణువుల ఎలక్ట్రానిక్స్‌కు నేను చూసిన వాటిలో అత్యంత గట్టి ఆధారం ఇదే. అది ఎక్కువగా మన దేశపు చేతుల మీదుగా రావడం నాకు ఎంతో సంతోషం.

ఇక ఈ గదిలో ఉన్న కాలేజీ అధ్యాపకులకు నా విన్నపం. ఈ రంగం కోట్ల రూపాయల పరికరాలు ఉన్నవాళ్లకే అనుకోకండి. ప్రతి డిగ్రీ కాలేజీలోనూ ఫెర్రోయిన్ సూచిక ఉంటుంది. అది ఒక ఇనుము అయాన్ చుట్టూ మూడు ఫినాంత్రొలీన్లు తమంతట తాము చేరిన సంశ్లిష్టం. ఫెర్రస్ లవణానికి మోల్‌కు మోల్ లెక్కన ఒక పాలు ఫినాంత్రొలీన్ మాత్రమే ఇచ్చి చూడండి. ప్రతి ఇనుమూ ఒక్కోదాన్ని పంచుకోదు. దాదాపు మూడో వంతు ఇనుము మూడేసి ఫినాంత్రొలీన్లను తీసుకుని ఎర్రబడుతుంది, మిగతాది ఒట్టిగా ఉండిపోతుంది. మూడోది చేరినప్పుడు ఇనుములోని ఎలక్ట్రాన్లు జతకట్టి అణువు బిగుస్తుంది, ఆ లాభం కోసమే మిగతావి కూడా అటు మొగ్గుతాయి. 510 నానోమీటర్ల దగ్గర కలరీమీటర్ ఇది అంకెల్లో చూపిస్తుంది. లేన్ పోగులు ఎందుకు జతలు ఎంచుకున్నాయో, ఫుజిత గోళం ఎందుకు మధ్యలో ఆగదో విద్యార్థికి ఈ ఒక్క ప్రయోగంతో చేతికి అందుతుంది. ప్రస్తుతం ఫెర్రోయిన్‌ను టైట్రేషన్ చివర రంగు మారడానికి రెండు చుక్కలు వేసి వదిలేస్తున్నాం. వచ్చే విద్యా సంవత్సరంలో దాన్ని ఒక పూర్తి ప్రాక్టికల్‌గా పెట్టండి. పాఠ్య ప్రణాళిక మండళ్లలో ఉన్న పెద్దలు అందుకు ఒక గంట కేటాయించండి. లోహ సంశ్లిష్టాల పాఠం నిర్వచనాలతో కాకుండా ఆ ఎరుపుతో మొదలుకావాలని మిమ్మల్ని కోరుతున్నాను.